పాప గిన్నెలో పల్లి పొడి

మా మేనకోడలు తన ఆరు నెలల పాపకు డబ్బా పిండి తప్ప ఇంకేమీ పెట్టనని తీర్మానించుకున్నప్పుడు, అందుకు సాక్ష్యంగా అందరికీ చూపించింది నన్నే. కందికట్టు వద్దు, జొన్న జావ వద్దు, గుడ్డు వద్దు, నువ్వులు వద్దు. పల్లీల పేరైతే ఆ ఇంట్లో ఎత్తనే కూడదు. ఎందుకమ్మా అంత పట్టుదల అని చుట్టుపక్కలవాళ్లు అడిగితే, "మా అత్తమ్మను సూశిన్రు గదా" అనేది. అంతటితో వాదన ముగిసేది. ఎదురుగా కూర్చుని నాతో వాదించి గెలిచినవాళ్లు మా చుట్టాల్లో ఎవరూ లేరు. నన్ను చూపించి గెలవడం ఇంత తేలికని మాత్రం అప్పుడే తెలిసింది.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే అది ఎందుకంత భయపడిందో అర్థం కాదు.

నేను వికారాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాను, వాటిలో ఏది నిజమో ఇప్పుడు నాకే గుర్తు లేదు. పుట్టి పెరిగింది బషీరాబాద్ మండలంలో, మరికొన్ని చేన్లు దాటితే కన్నడం మొదలయ్యే ఊళ్లో. పల్లి చెట్టు పీకి, మట్టి దులిపీ దులపకుండా పచ్చి కాయలు నమిలి పెరిగినదాన్ని. ఉడకబెట్టినవి, వేయించినవి, బెల్లంతో దంచినవి, ఏ రూపంలో ఉన్నా వదిలేదాన్ని కాదు. అలాంటి నాకు నలభై దగ్గర పడుతుండగా పల్లి పడకుండా పోయింది. తోటి లెక్చరర్ ఇంట్లో గృహప్రవేశానికి వెళ్లి గుత్తి వంకాయ కూర తిన్నాను. చేయి కడుక్కునేలోపే పెదవులు వాచాయి. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది. ఆసుపత్రికి తీసుకుపోతుంటే, కొత్త ఇంట్లో మొదటి భోజనానికే ఇట్లయిందని ఆవిడ దారంతా ఏడ్చింది. నాకు ఊపిరి ఆడి ఉంటే ఆవిడను ఓదార్చేదాన్నో, తిట్టేదాన్నో చెప్పలేను.

పల్లి పడకపోవడం పెద్ద జబ్బేం కాదు, పల్లి తినకపోతే సరి, అనేవాళ్లుంటారు. వాళ్లు మా వైపు వంటింట్లో ఎప్పుడూ నిలబడి ఉండరు. వంకాయలో పల్లి, దోసకాయలో పల్లి, పచ్చిపులుసులో పల్లి, ఉప్మాలో పల్లి, మిర్చీ సాలన్‌లో పల్లి, తొక్కులో పల్లి. కనిపించేది కొంత, నూరి కలిపింది ఎంతో. దురద, వాపు, సూది, ఆసుపత్రి, ఇవన్నీ ఎప్పుడో ఒకసారి. మిగతా రోజులన్నీ ఉండేది ఒకటే పని, ఎవరేం పెట్టినా వద్దనడం. మా స్టాఫ్ రూములో మధ్యాహ్నం అందరూ డబ్బాలు తెరిచి బల్ల మధ్యలో పెడతారు. ఎవరి చెంచా ఎవరి డబ్బాలో ఉందో తెలియదు, అదే అందులోని సుఖం. నేను నా డబ్బా తీసుకుని ల్యాబుకు మారాను. ఎండిన ఆకులు అంటించిన అట్టల మధ్య, ఫార్మలిన్ వాసనలో తినడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో పాపం అన్నారు. తర్వాత, మేడమ్ కండ్లకు మనం ఆనం అన్నారు. ఆనకపోతే ఇన్నేళ్లు మీ పులిసిన పప్పుచారు ఎందుకు తాగానని నేనూ అడిగాను. ఆ తర్వాత ఎవరూ పాపం కూడా అనలేదు.

నేను అద్దెకుండే ఇల్లు రైల్వే స్టేషనుకు దగ్గర. కింది అంతస్తులో ఇంటివాళ్లు. ఆ ఇంటావిడ రంజాన్ నెలలోనూ, మామూలు శుక్రవారాల్లోనూ మూతపెట్టిన గిన్నెతో మెట్లెక్కి వచ్చేది. "జర తినుండ్రి మేడమ్. పల్లీలు ఎయ్యలె, కసమ్‌సే," అనేది. వేయలేదని నాకూ నమ్మకమే. కాని నిన్న సాలన్ కలిపిన గరిటె ఇదేనా? పొద్దున పల్లీలు తిప్పిన మిక్సీ ఇదేనా? అడిగితే ఆమె వంటింటిని తనిఖీ చేసినట్టుంటుంది, అడగకుండా తినలేను. గిన్నె తీసుకుని, అందులోది కాలేజీ అటెండర్‌కు ఇచ్చి, మర్నాడు చాలా బాగుందని చెప్పేదాన్ని. ఒకరోజు ఆ అటెండరే బజార్లో ఆమెకు ఎదురుపడి, మేడమ్ ఇచ్చిన బిర్యానీ మస్తుగుందని మెచ్చుకున్నాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. వండినవి తేవడం మానేసింది. సీతాఫలాల కాలంలో మాత్రం అనంతగిరి వైపు నుంచి వచ్చిన పండ్లు గంపెడు తెచ్చి గుమ్మంలో పెట్టింది. వీటిలో ఎవ్వరూ ఏం కలపలేరు కదా మేడమ్ అని నవ్వింది. తలుపు వేసుకున్నాక ఆ గంప వైపు చూడటానికి కూడా మనసు రాలేదు. రెండు పండ్లు మెత్తబడి పోయాయి.

చదువుకున్నదాన్ని కదా, పల్లితో ఆగుతానా? పల్లిది ఏ కుటుంబమో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. కంది, శనగ, పెసర, మినుము, బఠాణీ, ఉలవ, బొబ్బర, అన్నీ ఆ కుటుంబమే. ఒకటి పగబడితే దాయాదులు ఊరుకుంటాయా అని అన్నిటినీ మానేశాను. తాండూరు కందిపప్పు కోసం ఎక్కడెక్కడివాళ్లో ఎగబడతారు. ఆ నల్లరేగడిలో పుట్టిన నేను కందిపప్పు మానేశాను. నువ్వులది వేరే కుటుంబమే, కాని ఎప్పుడూ పల్లి పక్కనే ఉంటాయని వాటినీ మానేశాను. పప్పూ కూరా లేకపోతే జొన్న రొట్టె గొంతు దిగదు, అదీ పోయింది. చివరికి మిగిలింది తెల్లన్నం, పెరుగు, ఉడికించిన ఆలుగడ్డ, బ్రెడ్డు. ఏళ్ల తరబడి అదే. నేను తినే కంచంలో రంగు ఉండేది కాదు.

మా మేనకోడలు, అంటే మా అన్న కూతురు, ఇంటర్ నుంచి డిగ్రీ దాకా నా దగ్గరే ఉండి చదువుకుంది. నా ఇంట్లో రెండో కంచం ఉన్నది అప్పుడే. ఇద్దరం ప్రతి దానికీ కొట్లాడుకునేవాళ్లం. ఫ్యాను తిప్పడానికీ కొట్లాటే, ఆపడానికీ కొట్లాటే. తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా పనిచేసే అబ్బాయితో పెళ్లయి వెళ్లిపోయాక, వాదించడానికి ఎవరూ లేక టీవీతో మాట్లాడటం మొదలుపెట్టాను. టీవీ నయం, అందులోవాళ్లు ఎవరి మాటా వినరు కాబట్టి చిన్నతనం అనిపించదు.

మేనకోడలు ఐదో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడు, వానాకాలంలో, నేనూ ఊరికి వెళ్లాను. మా వదిన నా కోసం వేరే మూకుడు, వేరే గరిటె కొని పై అరలో పెట్టి ఉంచేది. వాటిని ఇంకెవరూ ముట్టడానికి లేదు. అప్పటికి ఊళ్లో కూడా కట్టె గానుగ నూనె మోజు పట్టుకుంది. ప్యాకెట్ నూనె మంచిది కాదు, ఆడబిడ్డకు అసలే ఒంట్లో బాగుండదని, తాండూరుకు మనిషిని పంపి గానుగ నూనె తెప్పించింది. నా మూకుడులో, నా గరిటెతో, ఆ నూనెలో బెండకాయ వేపుడు చేసింది. పల్లి గింజ ఒక్కటి వేయలేదు. నూనె మాత్రం పల్లీలదే. ప్యాకెట్లలో వచ్చే శుద్ధి చేసిన నూనెలో, ఒంటికి పడని ఆ మాంసకృత్తులు దాదాపు మిగలవు. గానుగ ఆడించిన దాంట్లో మిగులుతాయి. ఈ ముక్క నాకూ ఆ తర్వాతే తెలిసింది, ఇక వదిననేం అంటాను?

షేర్ ఆటోలో ఉన్నవాళ్లందరినీ దింపేసి నన్ను ఎక్కించారట. అన్న ముందు సీట్లో కూర్చుని డ్రైవర్‌ను తొందర పెడుతున్నాడు. వెనక మేనకోడలు నా తల ఒళ్లో పెట్టుకుంది. నా చెవి దాని పొట్టకు ఆనింది. ఊపిరి కోసం నేను చేస్తున్న చప్పుడు నాకే ఎవరిదో అనిపించింది. తాండూరు ఆసుపత్రిలో సూది వేశాక నేను తేరుకున్నాను కాని, దాని ముఖం తేరుకోలేదు. ఆ తర్వాత ఎన్నాళ్లో నాకు ఫోన్ చేసినప్పుడల్లా మొదట అడిగే మాట, "ఏం తిన్నవ్ అత్తమ్మ?"

ఆ దెబ్బతోనే హైదరాబాద్‌లో ఒక అలర్జీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. వయసులో నా పాత విద్యార్థుల కంటే చిన్నది. ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి, సూదితో గీరి, కూర్చోబెట్టింది. పల్లి చుక్క ఒక్కటే పొంగింది. మిగతా చుక్కలు చడీచప్పుడు లేకుండా ఉన్నాయి. మరి కందిపప్పు, శనగలు ఎవరు మానమన్నారని అడిగింది. నేనే మానేశానన్నాను. కుటుంబం సంగతీ, దాయాదుల సంగతీ చెప్పాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేదు. "దాయాదుల్లో ఒకరు కోర్టుకెక్కితే అందరితో మాటలు బంద్ చేసుకుంటారా మేడమ్?" అంది. పైకి ఒకే కుటుంబంలా కనిపించినా, పల్లి పడనివాళ్లలో చాలామందికి మిగతా పప్పులు హాయిగా పడతాయట.

ఆ తర్వాత ఆమె నా పేగుల గురించి మాట్లాడింది. మనం తినే పీచు మనకు అరగదు. పొట్టు, ఆకు, గింజ తోలు, ఇవన్నీ చిన్నపేగు దాటుకుని పెద్దపేగు దాకా అట్లాగే పోతాయి. అక్కడ కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు వాటి కోసం కాచుకుని ఉంటాయి. పీచును పులియబెట్టుకుని తిని, కొన్ని చిన్న చిన్న ఆమ్లాలను వదులుతాయి. పేగు లోపలి పొర బతికేది చాలావరకు వాటి మీదే. ఆ పొర వెనక మన ఒంటి కాపలా కణాలుంటాయి. వచ్చింది శత్రువు కాదు, తిండే, మీరు లేవకండి అని వాటికి నేర్పే పనిలో ఈ ఆమ్లాలకూ చేయి ఉందంటున్నారు. పీచు అందకపోతే ఆ జీవుల్లో కొన్ని జాతులు తగ్గిపోతాయి. మరికొన్ని ఆకలికి తాళలేక పేగు మీది జిగురునే గీక్కుని తింటాయి. నేను ఇన్నేళ్లు తెల్లన్నం, బ్రెడ్డు తిని నా లోపల ఉన్నవాళ్లను పస్తు పెట్టానన్నమాట. నాతో ఉండేది వాళ్లొక్కరే, వాళ్లనూ.

ఎలుకల్లో ఇదంతా బాగా కనబడిందనీ, పసిపిల్లల విషయంలో ఆనవాళ్లున్నాయనీ, మనుషుల్లో ఇంకా తేలవలసింది చాలా ఉందనీ కూడా ఆమె చెప్పింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. కాబట్టే సూటిగా అడిగాను. రేపటి నుంచి జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరలు తింటే నాకు పల్లి మళ్లీ పడుతుందా? "పడదు మేడమ్. అవన్నీ తినండి, ఒంటికి మంచిది. పల్లి మాత్రం ముట్టొద్దు. పెద్దయ్యాక వచ్చింది సాధారణంగా పోదు," అంది. నేను వదల్లేదు. ఎలుకలకు పనికొచ్చింది నాకెందుకు పనికిరాదన్నాను. అవి పుట్టినప్పటి నుంచి ఆ తిండి మీద పెరిగిన ఎలుకలంది. నేనూ పెరిగానన్నాను. బయట పేషెంట్లు తలుపు తోసి చూసేదాకా వాదించాను. వాదిస్తే తగ్గే జబ్బయితే నాకు ఎప్పుడో తగ్గి ఉండేది.

ఇంటికొచ్చి ఆ సాయంత్రం కందిపప్పు వండాను. కుక్కర్ ఆవిరి వదిలితే ఇల్లంతా ఆ వాసన. ఎన్నో ఏళ్ల తర్వాత వేడి పప్పన్నం. చెప్పుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు, పొయ్యి పక్కనే నిలబడి తినేశాను. మొదటి కొన్ని వారాలు పొట్ట ఉబ్బిపోయి ఒకటే గోల. పస్తులున్నవాళ్లకు ఒక్కసారిగా విందు పెడితే అంతే మరి. ఒంటరిగా ఉండటంలో ఉన్న ఒకే ఒక్క సౌకర్యం ఆ రోజుల్లో అనుభవించాను.

పాప పుట్టింది చలికాలంలో. ముఖం కడిగిన పల్లిగింజలా ఉంటుందని వదిన ఫోన్లో అనబోయి ఆగిపోయింది. నాలుగో నెల వచ్చేసరికి పాప చెంపలు, మోచేతి మడతలు ఎర్రగా పొక్కి, గరుకుగా తయారయ్యాయి. పిల్ల గోకుతుంటే దానికి చిన్న మేజోళ్లు చేతులకు తొడిగింది మేనకోడలు. ఆ పొక్కులు చూసి అది ఇంకా బెదిరింది. నా జబ్బే దీనికీ మొదలైందనుకుంది. ఆరో నెల వచ్చాక ఇక డబ్బా పిండే.

ఈ సంగతి తెలిసి ఒక ఆదివారం పొద్దున రైలెక్కి తాండూరు వెళ్లాను. వాళ్లిల్లు పాలిషింగ్ యూనిట్ల వెనక సందులో. ఇంట్లో నున్నటి బండల పరుపు, బయట చెట్ల ఆకుల మీద తెల్లటి రాతి పొడి. కోత యంత్రం నడుస్తున్నంతసేపూ గొంతు పెంచి మాట్లాడాలి, మా ఇద్దరికీ అదేం ఇబ్బంది కాదు. పీచు సంగతి, సూక్ష్మజీవుల సంగతి అన్నీ చెప్పాను. పొక్కులున్న పిల్లలకు పరీక్ష చేయించి, డాక్టర్ సరేనంటే పల్లి లాంటివి తొందరగానే అలవాటు చేయాలంటున్నారనీ, ఆలస్యం చేసే కొద్దీ ఒళ్లు దాన్ని శత్రువనుకునే ప్రమాదం పెరుగుతుందనీ చెప్పాను. అది పాపను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ వింటోంది.

"నీకైంది నేను కండ్లార చూశిన అత్తమ్మ. నా బిడ్డకు గట్ల కానియ్య."

"నాకైతే దానికెందుకైతది? నేనేమన్న దాన్ని కన్ననా?"

"కనకున్నా రక్తం ఒక్కటే గదా."

"రక్తం సంగతి కాదే, కడుపు సంగతి చెప్తున్న. డబ్బా పిండిల ఏముంటది? దాని పేగులల్ల ఉన్నోళ్లు ఏం తినాలె?"

అది తిరగడం ఆపి నా ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు అన్నీ తిని పెరిగినవ్ గదా. జొన్నలు తిన్నవ్, కందులు తిన్నవ్, మన్నుతోటి పల్లికాయ తిన్నవ్. నీ పేగులల్ల లేని పురుగున్నదా? మరి నీకెట్లొచ్చింది?"

ఇదే ప్రశ్న నేను డాక్టరమ్మను అడిగాను. ఆమె కొన్ని కారణాలు ఊహించి, చివరికి తెలియదంది. తెలియదనే మాట నేను క్లాసులో పిల్లల ముందు కూడా చెప్పను, రేపు చెప్తానంటాను.

"తెల్వదు బిడ్డా."

"తెల్వనప్పుడు ఊకో మరి."

కోత యంత్రం అప్పుడే ఆగింది. ఇద్దరం మెల్లగా మాట్లాడుకోవాల్సి వచ్చింది, మెల్లగా మాట్లాడుకునే మాటలు మా దగ్గర లేవు. మధ్యాహ్నం బండికే తిరిగొచ్చాను.

ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. నేను పంపిన వాయిస్ మెసేజ్‌లు అది విన్నట్టు తెలుస్తోంది, జవాబు రాదు. పాపకు ఏడో నెల వచ్చింది, వెళ్లింది. నాకు ఒళ్లు మండుతోంది. నా జబ్బు నాకొచ్చింది, సరే. అది ఆ పసిపిల్ల గిన్నెలోకి కూడా వచ్చి కూర్చుని, నువ్వు ఇది తినకు, అది తినకు అనడం ఏమిటి? వదినకు ఫోన్ చేసి కూతురికి నచ్చజెప్పమన్నాను. వదిన నా మాట కాదనలేదు. చాలాసేపు విని, చివరికి అంది. "నీ మాట నిజమే గావొచ్చు చెల్లె. గని అది నిన్ను ఆటోల ఒళ్లె వెట్టుకున్నది. గది మర్శిపోదు."

పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

కొన్ని రోజులాగి, మేనకోడలికి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి పీచు లేదు, పేగు లేదు. ఒక్క పరీక్ష చేయిద్దామన్నాను. చుక్క పొంగితే నువ్వే కరెక్టు, నేను మళ్లీ ఈ జన్మలో నోరెత్తను. పొంగకపోతే డాక్టర్ ఏం చెబితే అది చెయ్యి. "నీ నోరు మూయిపించనీకైనా వస్త," అంది.

శ్రావణంలో వెళ్లాం. డాక్టరమ్మ పాప వీపు మీద చుక్కలు పెట్టింది. మేనకోడలు పాపను గుండెకు ఆనించుకుని కూర్చుంది, నేను ఆ చిన్న వీపును చూస్తూ ఎదురుగా. పందెం వేసింది నేనే. ఆ చుక్క పొంగితే మేనకోడలు గెలుస్తుందనే బాధ నాకు లేదు. రక్తం ఒక్కటే గదా అన్న దాని మాట నిజమవుతుందనే భయం. అప్పుడు నేను ఆ ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? చుక్కల చుట్టూ కొంచెం ఎర్రబడింది, నేను ముందుకు వంగి చూశాను. కాసేపటికి ఎరుపు దానంతట అదే తగ్గిపోయింది. ఏదీ పొంగలేదు.

డాక్టరమ్మ ఏం చేయాలో చెప్పింది. పల్లి గింజలు ఎప్పుడూ పెట్టకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి. మెత్తగా పొడి చేసి జావలో కలిపి, మొదట చెంచా కొసన అంటినంత. ఆగి, చూసి, ఇంకొంచెం. బాగుంటే వారంలో కొన్నిసార్లు తప్పకుండా, మధ్యలో మానకుండా. దాంతోపాటు జొన్న, కంది, ఆకుకూర, కూరగాయ, ఇంట్లో ఏది ఉంటే అది మెత్తగా మెదిపి. మేనకోడలు బుద్ధిగా తల ఊపుతోంది. నేను నా గెలుపును ముఖం మీద కనబడనీయకుండా కూర్చున్నాను. అప్పుడు డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"మేడమ్, పాపకు పెట్టే పూట మీరు ఆ ఇంట్లో ఉండొద్దు. తిన్నాక మూతీ చేతులూ సబ్బుతో కడిగేదాకా ముద్దు కూడా పెట్టుకోవద్దు."

ఇన్ని నెలలు వాదించాను కదా, ఈ లెక్క నాకు తట్టనే లేదు.

మొదటిసారి పెట్టిన రోజు వదిన తాండూరు వెళ్లింది. నేను వికారాబాద్‌లో ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. వీడియో పెట్టమంటే వదిన పెట్టలేదు, చేతులు ఖాళీ లేవంది. చివరికి మేనకోడలే చేసింది.

"తిన్నది అత్తమ్మ. మూతి నాక్కుంటున్నది."

"ఇంకా చూడు. తొందరపడకు."

"చూస్తనే ఉన్న. ఏం గాలె. ఇంకింత పెట్టమని నోరు తెరుస్తున్నది." ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. తర్వాత, "ఇల్లంతా పల్లీల వాసనే అత్తమ్మ. ఇగ నువ్వొచ్చే ముందుగాల ఫోన్ చెయ్యి. కడుగుత," అంది.

అంతకు ముందు ఏ ఆదివారమైనా, ఏ బండికైనా, చెప్పకుండా వెళ్లేదాన్ని. ఇప్పుడు ముందు రోజే చెప్పాలి. నేను వస్తున్నానంటే అది బండలు కడుగుతుంది, పరుపు మీది దుప్పటి మారుస్తుంది, పాపకు స్నానం చేయించి కొత్త గౌను తొడుగుతుంది, భర్త తెచ్చుకున్న మిక్చర్ పొట్లాన్ని పక్కింట్లో పెట్టి వస్తుంది. గుమ్మంలో కాలు పెట్టేసరికి ఇల్లు ఫినాయిల్ వాసన వేస్తూ, ఎవరో అధికారి తనిఖీకి వస్తున్నట్టు ఉండేది. పాప చెంపలు నున్నబడ్డాయి, ఆ పొక్కులు మందుకు తగ్గాయో, పెరిగే కొద్దీ తగ్గాయో తెలియదు. అవి పీచువల్లే తగ్గాయని నేను అనలేను. అనాలని మాత్రం నోరు ఊరింది. పాపను ఎత్తుకునేదాన్ని. దాని నోటి దగ్గర నా ముఖం పోకుండా మెడ కొంచెం వెనక్కి పెట్టుకునేదాన్ని. పిల్లలకు ఇది తెలిసిపోతుంది, వాళ్లూ మెడ వెనక్కి పెడతారు. ఒక నెల నేను వెళ్లలేదు. పరీక్ష పేపర్లున్నాయని చెప్పాను. సరే అత్తమ్మ అంది. రమ్మని పట్టుబట్టే మా మేనకోడలు సరే అంది.

మార్గశిరం చివరి అమావాస్య మా వైపు ఎల్లమాస. ఆ రోజు ఊరు ఊరంతా చేన్లకు తరలిపోతుంది. చేన్లోనే మొక్కి, చేన్లోనే తిని, దారిన పోయేవాళ్లను కూడా పిలిచి కూర్చోబెడతారు. వండేది ముఖ్యంగా బజ్జి. పచ్చి కందిగింజలు, శనగాకు, అనుములు, బఠాణీలు, పాలకూర, మెంతికూర, పచ్చి పల్లీలు, ఆ కాలంలో చేన్లో, పెరట్లో ఏది దొరికితే అదంతా ఒకే కుండలో ఉడికించి మెదుపుతారు. సజ్జ రొట్టెతో తింటారు. డాక్టరమ్మ చెప్పిన పీచు, రకాలు, అన్నీ ఆ ఒక్క కుండలోనే ఉంటాయి. వదిన ఫోన్ చేసి, ఈసారి పల్లి లేకుండా చేస్తానంది. అట్లా చేస్తే నేను రానే రానన్నాను. అందరి పండుగ నా మూలాన చప్పబడటం నాకు ఇష్టం లేదు. నా డబ్బా నేను తెచ్చుకుంటానన్నాను. వదిన బతిమాలలేదు. గానుగ నూనె తర్వాత ఆమె నాకు వండాలంటేనే భయపడేది, కాస్త నిశ్చింతగా ఊపిరి వదలడం ఫోన్లో వినిపించింది.

చేన్లో కందిచెట్లు నడుమెత్తు దాటి, కాయలు నిండి ఉన్నాయి. అన్న, వదిన, మేనకోడలు, దాని భర్త, పక్క చేన్లవాళ్లు, కన్నడం మాట్లాడే వాళ్ల చుట్టాలు, అందరూ దుప్పట్లు పరుచుకుని కుండ చుట్టూ కూర్చున్నారు. నేను కొంచెం ఎడంగా, గట్టు మీద. అక్కడి నుంచే అన్నతో వానల గురించి, పప్పు మిల్లుల రేట్ల గురించి వాదించాను. అన్న అరిచి జవాబు చెబుతున్నాడు, కన్నడం వాళ్లు నవ్వుతున్నారు. బాగానే ఉంది.

పాపకు ఏడాది నిండింది, తప్పటడుగులు వేస్తోంది. వదిన బజ్జిని మెదిపి చేత్తో ముద్దలు పెడుతోంది. పాప సగం తిని, సగం పూసుకుంటోంది. మోచేతుల దాకా ఆకుపచ్చ. ఆ వయసులో పిల్లలకు ఒక అలవాటు వస్తుంది, తాము తినేది ఎదుటివాళ్ల నోట్లో పెట్టాలి. వదిన నోట్లో పెట్టింది. తాత నోట్లో పెట్టింది. తండ్రి నోట్లో పెడితే అతను వేళ్లు కొరికినట్టు నటించాడు, పాప కిలకిలలాడింది. తర్వాత పిడికిట్లో ముద్ద పట్టుకుని చుట్టూ చూసింది, ఎవరికి పెట్టలేదా అని. నన్ను చూసింది.

సాళ్ల మధ్య నుంచి, ఒకసారి పడి, లేచి, పిడికిలి విప్పకుండా నా వైపే వస్తోంది. నోరు తెరవమన్నట్టు తనే ముందు నోరు తెరిచింది. నేను లేచి నిలబడ్డాను. వెనక్కి రెండడుగులు వేశాను. పాప ఇదేదో ఆట అనుకుని ఇంకా తొందరగా వచ్చింది. ఇంతమందికి వద్దని చెప్పాను ఇన్నేళ్లలో, ఒక్కొక్కరికీ ఒక్కో కారణం చూపించాను. ఈ పిల్లకు ఏం చెప్పను?

మేనకోడలు పరుగెత్తుకొచ్చి వెనక నుంచి ఎత్తుకుంది. "ఆమెకొద్దు బిడ్డా. ఆమెకు పెట్టొద్దు." పాప వెనక్కి విరుచుకుపడి ఏడుపు అందుకుంది. చేయి ఇంకా నా వైపే చాచి ఉంది. మేనకోడలు నా ముఖం చూసి, ఏదో అనబోయింది.

"ఏడ్వనీ," అన్నాను. "నువ్వు తీస్కపోయి ఇంకో ముద్ద పెట్టు. కడుపు నిండ తిననీ."

అది పాపను ఎత్తుకుని కుండ దగ్గరికి వెళ్లింది. ఎవరో ఏదో అన్నారు, పాప ఏడుపు ఆగింది, మళ్లీ నవ్వులు. నేను గట్టు మీద కూర్చుని డబ్బా మూత తీశాను. పాప చేతిలోంచి జారిన ముద్ద సాలులో, నాకు బారెడు దూరంలో పడి ఉంది. చిన్న వేళ్ల అచ్చులు దాని మీద ఇంకా తెలుస్తున్నాయి. చీమలు వచ్చి దాన్ని పూర్తిగా కప్పేదాకా, రొట్టె చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను.